మూడో స్టేజీ, రెండు మాటలూ

మా నాయనకు కిడ్నీ జబ్బు మూడో స్టేజీలో ఉందనీ, మా పాపకు రావాల్సిన వయసుకి మాటలు రాలేదనీ మాకు ఒకే రోజు తెలిసింది. రెండు ఆసుపత్రులూ నెల్లూరులో ఒకే వీధిలో ఉండడం వల్ల అలా జరిగింది. ముత్తుకూరు నుంచి మాటిమాటికీ బస్సెక్కడం ఎందుకని నేనే రెండు పనులూ ఒక రోజుకి పెట్టుకున్నాను. స్కూలుకి ఒక్క సెలవుతో సరిపోతుంది.

నేను ముత్తుకూరులో ఒక ప్రైవేటు స్కూల్లో తెలుగు చెబుతాను. మా ఆయన పోర్టులో క్రేను నడుపుతాడు. ఏ వారం ఏ షిఫ్టో ఆయనకే సరిగా తెలియదు కాబట్టి మేం మా అమ్మానాయనల ఇంట్లోనే ఉంటున్నాం. నాయన టైలరు. ఇంటి ముందుగదే కొట్టు. ఊళ్ళో అందరూ టైలర్ భాయ్ అంటారు. మాది తెలుగు మాట్లాడే సాయిబుల ఇల్లు. నమాజు అరబ్బీలో, మిగతావన్నీ తెలుగులో.

మిగతావి కూడా నాయన పెద్దగా మాట్లాడేవాడు కాదు. పని చేసేటప్పుడు నోట్లో గుండుసూదులు పెట్టుకునే అలవాటు వల్ల అలా తయారయ్యాడని అమ్మ అంటుంది. సూదులు లేనప్పుడు కూడా అవి ఉన్నట్టే ఉండేవాడు.

మిషను మీద వంగి కూర్చోవడంతో ఆయనకి ఎప్పటినుంచో నడుము నొప్పి. మందుల షాపులో ఇచ్చే నొప్పి బిళ్ళలు టీతోపాటు వేసుకునేవాడు. బీపీ ఉందని తెలిసినా, అది తన వయసు వాళ్ళందరికీ ఇచ్చేదేనన్నట్టు తీసుకున్నాడు. ఎండాకాలంలో పాదాలు వాచాయి. ఊళ్ళో డాక్టరు రక్తం పరీక్ష చేయించి, కొన్నాళ్ళాగి మళ్ళీ చేయించి, రెండోసారి కూడా అలాగే వచ్చేసరికి నెల్లూరు పొమ్మన్నాడు.

కిడ్నీ డాక్టరు నాకంటే చిన్నవాడు. కాగితాలు చూసి, నాయన పాదం మీద బొటనవేలితో నొక్కి, గుంట పడడం చూసి, మళ్ళీ కాగితాలు చూశాడు.

"కిడ్నీ జబ్బులో అయిదు స్టేజీలుంటాయి పెద్దాయనా. మీరు మూడులో ఉన్నారు."

నాయన వేళ్ళు మడిచి లెక్కేశాడు. "మూడు అంటే సగం దాటినట్టా సార్, దాటనట్టా?"

"మూడులో మళ్ళీ రెండుంటాయి. మూడు ఏ, మూడు బీ. మీరు మూడు ఏ."

"అయితే దాటలేదు."

"అట్లా లెక్కేయకూడదండీ. అయిదు దాకా పోయి తీరాలని ఏం లేదు. చాలామంది మూడులోనే ఉండిపోతారు. మీరు ఇక్కడే ఆగిపోవాలి, మా ట్రీట్‌మెంటంతా అందుకే."

"ఎన్నాళ్ళు ఆగాల?"

"ఎన్నాళ్ళైనా."

నాయన తల ఊపాడు. ఆగిపోవడం ఆయనకు కష్టమైన పనిగా తోచినట్టు లేదు. నొప్పి బిళ్ళలు మానేయాలన్నప్పుడు మాత్రం ముఖం మారింది. ఉప్పు తగ్గించాలన్నాడు డాక్టరు. ఎండుచేపలు, ఊరగాయ వద్దన్నాడు. రక్తంలో పొటాషియం కాస్త ఎక్కువగా ఉంది కాబట్టి కొబ్బరినీళ్ళు, అరటిపండ్లు కూడా వద్దన్నాడు. నెత్తళ్ళు ఎండబెట్టినవి కాకుండా పచ్చివైతే తినొచ్చా అని నాయన అడిగాడు. ఉప్పు లేకుండా వండితే తినొచ్చన్నాడు డాక్టరు. ఉప్పు లేకుండా నెత్తళ్ళు ఎవరు తింటారో నాయన అడగలేదు. ఆయన మర్యాదస్తుడు.

అక్కడినుంచి రోడ్డు దాటి పిల్లల ఆసుపత్రికి పోయాం.

పాపకి అప్పటికి రెండేళ్ళు నిండి చాలాకాలమైంది. 'మ్మ' అనేది. 'తా' అనేది, అది తాతా కావచ్చు, ఇంకేమైనా కావచ్చు. చెప్పింది మాత్రం అన్నీ అర్థమయ్యేవి. చెప్పులు తెమ్మంటే తెచ్చేది. ఎవరివి తెమ్మంటే వాళ్ళవే తెచ్చేది. నోరు విప్పాల్సిన అవసరం తనకి ఇంకా రాలేదన్నట్టు ఉండేది. వాళ్ళ తాత పోలిక అనుకున్నాం.

పిల్లల డాక్టరమ్మ గదిలో గోడకు పొడవాటి పటం ఉంది. ఒక చివర తల నిలబెట్టే పాప, తర్వాత బోర్లాపడే పాప, కూర్చునే పాప, పాకే పాప, ఏదో పట్టుకుని నిలబడే పాప. ఒక్కో బొమ్మ కింద ఎన్ని నెలలకి ఆ పని చేయాలో రాసి ఉంది. బొమ్మల్లో అందరూ తెల్లగా, బొద్దుగా, వేళకి అన్నీ చేసేవాళ్ళలాగే ఉన్నారు. డాక్టరమ్మ మా పాపని ఆ పటం ముందు నిలబెట్టి కొన్ని ప్రశ్నలు అడిగింది. నడక, పరుగు, మెట్లు ఎక్కడం, బొమ్మల పుస్తకంలో ఆవుని వేలితో చూపించడం, అన్నీ సరిగానే ఉన్నాయంది. మాట దగ్గరికొచ్చేసరికి ఆగింది.

"ఈ వయసుకి రెండు మాటలు కలిపి చెప్పాలమ్మా. 'అమ్మా రా', 'పాలు కావాలి', అట్లా. అసలు మాటలే తక్కువున్నాయి."

"ఇది జబ్బా మేడం?"

"జబ్బని చెప్పలేను. ఆలస్యం అంటాం. ముందు చెవులు పరీక్ష చేయిద్దాం. తర్వాత స్పీచ్ థెరపీకి రాస్తాను."

మేం మాట్లాడుకుంటుంటే నాయన చేతులు వెనక్కి కట్టుకుని, పటాన్ని ఈ చివరినుంచి ఆ చివరికి చదువుతున్నాడు. చివర అయిదేళ్ళ పిల్ల ఒంటికాలి మీద గెంతుతోంది.

"ఇది అయిదేళ్ళతో ఆగిపోయిందే" అన్నాడు. "తర్వాతా?"

"తర్వాత పెద్దగా మా దగ్గరికి రారండీ" అంది డాక్టరమ్మ. "పెద్దయినాక మీలాగా ఎదురు ఆసుపత్రికి పోతారు."

"మధ్యలో?"

"మధ్యలో ఏముంటుందండీ, స్కూలు, ఉద్యోగం."

నాయన ఒప్పుకున్నట్టు తల ఊపాడు.

పాప చెవులు బాగానే ఉన్నాయని తేలింది. మేం గుసగుసగా మాట్లాడుకున్నవి కూడా తను వింటూనే ఉందన్నమాట. సాయంత్రం బస్సులో పాప నా ఒళ్ళో నిద్రపోయింది. నాయన కిటికీ పక్కన కూర్చుని కరెంటు ప్లాంటు బూడిద లారీలు ఒకదాని వెనక ఒకటి పోతుంటే చూస్తున్నాడు. ఊరు దగ్గరపడుతుండగా అన్నాడు.

"నన్ను ఆ డాక్టరు కదలొద్దన్నాడు. దీన్ని ఈ డాక్టరమ్మ కదలమనింది."

ఆ ప్రయాణంలో ఆయన మాట్లాడింది అదొక్కటే.

ఇంటికి రాగానే అమ్మకి అన్నీ చెప్పాను. అమ్మ శ్రద్ధగా విని, పిట్టగోడ దగ్గరికి పోయి పక్కింటామెకి చెప్పింది. "మూడో స్టేజి అంటక్కా" అనడం నాకు వినబడింది. ఏ జబ్బు అన్నది కూడా చెప్పే ఉంటుంది. కానీ స్టేజి అనే మాటని మా వీధివాళ్ళు సినిమాల్లో తప్ప ఎక్కడా వినలేదు. సినిమాల్లో స్టేజి ఒకే జబ్బుకి ఉంటుంది. కిడ్నీ అనే మాట రెండు మూడు ఇళ్ళు దాటేలోపు ఎక్కడో జారిపోయింది. మర్నాటికి మా నాయనకి క్యాన్సరు.

జనం రావడం మొదలుపెట్టారు. పల్లెపాలెంనుంచి చేపలమ్మే ఆడవాళ్ళు వచ్చారు. మసీదునుంచి పెద్దలు వచ్చారు. రోగిని చూడ్డానికి ఉత్త చేతులతో రాకూడదు కాబట్టి అందరూ కొబ్బరిబోండాలో, అరటిపండ్లో తెచ్చారు. డాక్టరు ఏ రెండు వద్దన్నాడో సరిగ్గా ఆ రెండే. గుడ్డల తాన్లు పెట్టుకునే మూలలో బోండాలు పేర్చాం. తర్వాత వచ్చినవాళ్ళకి అమ్మ వాటినే కొట్టి ఇచ్చేది. వాళ్ళు కొబ్బరినీళ్ళు తాగుతూ, కుట్టుకుంటున్న నాయన వైపు బాధగా చూసేవాళ్ళు.

"ఈ టైములో కూడా మిషను తొక్కతా ఉండావా భాయ్?" అని ఒకాయన అడిగాడు.

నాయన నోట్లోంచి సూదులు తీశాడు. "పెళ్ళికియ్యాల గదా."

"ఎవరి పెళ్ళికి?"

"నీ కొడుకు పెళ్ళికే. చొక్కాలిచ్చింది నువ్వేగదా."

ఆయన కళ్ళు తుడుచుకుని, "అయితే కొంచెం తొందరగా కుట్టు భాయ్" అన్నాడు. మరి కొందరు తమ గుడ్డలు కుట్టకుండానే వెనక్కి తీసుకుపోయారు. వాళ్ళు కూడా ఏడ్చే తీసుకుపోయారు. కిడ్నీ అని నేను ఎంతమందికి చెప్పినా, ఆడబిడ్డ ధైర్యం కోసం అలా చెప్పుకుంటోందిలే అన్నట్టు నా తల నిమిరి పోయేవాళ్ళు.

ఈ కబురు గూడూరులో ఉండే మా చిన్నాయనకి కూడా చేరింది.

చిన్నాయన నాయనకి ఒక్కడే తమ్ముడు. గూడూరు నిమ్మకాయల మార్కెట్టులో దళారి. వేలంపాటలో అరిచి అరిచి ఆయన గొంతు మార్కెట్టు అంత అయింది. ఇద్దరికీ కొన్నేళ్ళుగా మాటల్లేవు. కారణం షేర్వాణీ. చిన్నాయన తన కొడుకు పెళ్ళికి మద్రాసులో రెడీమేడ్ షేర్వాణీ కొన్నాడు. సొంత అన్న టైలరై ఉండగా. నాయన పెళ్ళికి పోయాడు, బిర్యానీ తిన్నాడు, పెళ్ళికొడుకుని కింద నుంచి పైదాకా చూశాడు. "చేతులు పొడుగు" అన్నాడు. అది చిన్నాయన విన్నాడు. ఆ తర్వాత ఇద్దరూ ఒకరి గడప ఒకరు తొక్కలేదు.

ఆ రోజు ఆదివారం. ఆటోలోంచి చిన్నాయన దిగాడు. ఆయన వెనకాల ఒక బస్తా నిమ్మకాయలు, ఒక గెల అరటిపండ్లు, ఒక గెల బోండాలు దిగాయి. గుమ్మంలోనే నాయన్ని కావిలించుకుని వీధంతా వినబడేట్టు ఏడ్చాడు.

"అన్నా, తప్పు చేసినానన్నా. నీ చేత్తో కుట్టించి ఉంటే నా కొడుకు నవాబు మాదిరి ఉండేవాడు. చేతులు పొడుగే. నువ్వు చెప్పిందే నిజం. ఫోటోల్లో వేళ్ళు కూడా కనబడలేదు. మా కోడలు ఇప్పటికీ అంటా ఉంటది."

నాయన గుండుసూదులు ఒక్కొక్కటీ నోట్లోంచి తీసి మిషను మీది చిన్న దిండుకి గుచ్చాడు. అన్నీ తీసేదాకా చిన్నాయన ఏడుస్తూనే ఉన్నాడు.

"కూర్చో" అన్నాడు నాయన.

అమ్మ మజ్జిగ తెచ్చింది. చిన్నాయన తాగి, ముఖం తుడుచుకుని, గొంతు తగ్గించి నన్నడిగాడు. "డాక్టరు ఎన్నాళ్ళన్నాడు బిడ్డా?"

"ఎన్నాళ్ళైనా అన్నాడు చిన్నాయనా."

"అంటే?"

అంతా విడమరిచి చెప్పాను. క్యాన్సరు కాదు, కిడ్నీ. అయిదింట్లో మూడు. మూడులో మొదటి సగం. జాగ్రత్తగా ఉంటే ఇక్కడే ఉండిపోవచ్చు. ఏళ్ళ తరబడి ఉండేవాళ్ళున్నారు. నేను చెప్పేకొద్దీ చిన్నాయన ముఖంలో ఏడుపు తగ్గి ఇంకేదో రావడం మొదలైంది. నాయన వైపు తిరిగాడు.

"అయితే నువ్వు చావడంలా?"

"ఇప్పుడైతే లేదు."

"మరి ఫోన్లో అట్టా చెప్పినారే!"

"నేను చెయ్యలేదే ఫోను."

చిన్నాయన ఇంకో గ్లాసు మజ్జిగ అడిగి తాగాడు. ఆటో వెళ్ళిపోయింది. బస్తా, గెలలు గుమ్మంలోనే ఉన్నాయి. 

"సరే, అన్న మాట అన్నానులే, వెనక్కి తీసుకోను" అన్నాడు చిన్నాయన చివరికి. "కానీ చేతులు మరీ అంత పొడుగేం కాదు."

"రెండు వేళ్ళు పొడుగు" అన్నాడు నాయన.

"ఒక వేలు."

"రెండు. నేను చూసినాను గదా."

"దూరంనుంచి చూస్తివి! ఆడ బిర్యానీ బల్ల దగ్గర కూర్చోని చూస్తివి!"

అమ్మ నన్ను లోపలికి రమ్మని సైగ చేసింది. మేం లోపలికి పోయి పప్పు రుబ్బుకుంటూ విన్నాం. సాయంత్రం దాకా సాగింది. నాయన అన్ని మాటలు మాట్లాడగా నేను అంతకుముందు ఎప్పుడూ వినలేదు. ఆ రోజు అమ్మ ఉప్పు లేని పులుసుని ఇద్దరికీ వడ్డించింది. చిన్నాయన ఒక ముద్ద తిని, నాయన వైపు చూసి, ఏమీ అనకుండా మిగతాది తినేశాడు. ఆయన ఏడ్చినప్పటికంటే అది చూసినప్పుడు నాకు ఎక్కువ బాధ కలిగింది.

తర్వాత ప్రతి ఆదివారమూ రావడం మొదలుపెట్టాడు. ఆ వాదన పూర్తి కాలేదు కదా.

ఈలోపు పాపని వారానికొకసారి స్పీచ్ థెరపీకి తీసుకుపోతున్నాను. థెరపిస్టు బిట్రగుంట రైల్వే కాలనీలో పెరిగిన చిన్నపిల్ల, మంచి ఓపిక. మొదటిరోజు నన్నొకటి అడిగింది. "ఇంట్లో పాపతో ఎక్కువ ఎవరు మాట్లాడతారు మేడం?"

ఆలోచించాను. నేను పొద్దుననుంచి స్కూల్లో మాట్లాడి మాట్లాడి ఇంటికొచ్చి ఊరుకుంటాను. అమ్మ వంట చేస్తూ పాప చేతికి ఫోనిస్తుంది. మా ఆయన ఉన్నప్పుడు నిద్రపోతుంటాడు. నాయన సంగతి తెలిసిందే.

"ఫోను" అన్నాను.

ఆ అమ్మాయి ఫోను తీసి పైన పెట్టమంది. మీరు ఏ పని చేస్తుంటే ఆ పని పాపకి చెప్పండి, ఒక్కో మాట చెప్పి ఆగండి, పాపకి టైమివ్వండి అంది.

నొప్పి బిళ్ళలు మానేశాక నాయన ఎక్కువసేపు మిషను దగ్గర కూర్చోలేకపోతున్నాడు. కాసేపు కుట్టి, లేచి, కత్తిరించే బల్ల దగ్గర నిలబడేవాడు. అందుకని పాపని ఆ బల్ల మీద కూర్చోబెట్టి, మాట్లాడమని ఆయనకి చెప్పాను.

"ఏం మాట్లాడేది?"

"చేసే పనే చెప్పు నాయనా."

ఆయన గుడ్డని కొలిచినట్టు నా మాటని కొంచెంసేపు కొలిచాడు. తర్వాత సుద్దముక్క తీసి పాపకి చూపించాడు.

"సుద్ద."

ఆగాడు. చాలాసేపు ఆగాడు. తర్వాత కత్తెర తీశాడు.

"కత్తెర."

మళ్ళీ ఆగాడు. థెరపిస్టు నాకు అంతసేపు నేర్పించిన పద్ధతి ఆయనకి పుట్టుకతో ఉంది. పాప ఆయన పెదాల వంకే చూస్తూ కూర్చునేది. నోట్లో సూదులుంటే పాప చూపు తడబడుతోందని ఆయనే కనిపెట్టి, సూదులు దిండుకే గుచ్చుకోవడం అలవాటు చేసుకున్నాడు. అమ్మ పెళ్ళైనప్పటినుంచి చెబుతూ ఉన్న మాట అది.

మొదట 'తేపు' వచ్చింది. టేపు. తర్వాత 'కాజా', తినేది కాదు, గుండీ పట్టేది. తర్వాత ఒకరోజు మా ఆయన డ్యూటీ దిగి వస్తే, పాప ఆయన ఎదురుగా నిలబడి, కొలత తీసేదానిలా చెయ్యి చాపి 'చాతీ' అంది. ఆయన కళ్ళనీళ్ళు పెట్టుకున్నాడు. నాన్న అనలేదేమని తర్వాత రెండు రోజులు బాధపడ్డాడు.

చిన్నాయనకి ఈ పద్ధతి నచ్చలేదు. "ఒక్కో మాట, ఒక్కో మాట, ఇదేంది సామీ? ఇట్టా చెప్తే పిల్ల పెళ్ళీడుకొచ్చినా మాట్లాడదు. వేలం మాదిరి చెప్పాల. పదిసార్లు గట్టిగా అరిస్తే ఒకటన్నా చెవిలో పడతది."

"పిల్లకి చెవుడు లేదు" అన్నాడు నాయన.

"నీకుంది చెవుడు! నేను చెప్పేది వినవు గదా!"

ఇలా పద్ధతి గురించి వాదించుకునేవాళ్ళు. అది అయ్యాక షేర్వాణీ గురించి. అది అయ్యాక చిన్నప్పుడు ఎవరు ఎవరి సైకిలు చైను తెంపారన్న దాని గురించి. పాప మధ్యలో బల్ల మీద కూర్చుని, ఒకసారి ఈ ముఖం, ఒకసారి ఆ ముఖం చూసేది.

ఒక ఆదివారం అలాగే చైను దగ్గరికి వచ్చారు. నేను గుమ్మంలో కాఫీ గ్లాసులతో ఉన్నాను. చిన్నాయన గొంతు బాగా లేచి ఉంది. పాప స్పష్టంగా, ఒక్క అక్షరం నలగకుండా అంది.

"నోర్ముయ్."

ఇద్దరూ ఆగిపోయారు. 

"ఎవర్ని అనింది?" అన్నాడు చిన్నాయన నెమ్మదిగా. "నిన్నా, నన్నా?"

"నిన్నే" అన్నాడు నాయన. "మళ్ళీ అను తల్లీ."

పాప మళ్ళీ అంది. చిన్నాయన పాపని ఎత్తుకుని వీధిలోకి పోయి, కనబడిన ప్రతి ఒక్కరినీ దాని చేత ఆ మాట అనిపించాడు. ఆ రాత్రి నిద్రపోయేదాకా పాప ఎవరు అడిగినా, అడక్కపోయినా అంటూనే ఉంది.

ఆ వారం నేను చాలా ఉత్సాహంగా నెల్లూరు పోయాను. రెండు మాటలు కలిపిందని థెరపిస్టుకి చెప్పాను. ఏ మాటలని అడిగింది. చెప్పాను. ఆ అమ్మాయి నవ్వాపుకుని పెన్ను కింద పెట్టింది.

"అది ఒకే మాటగా పడిపోతుంది మేడం."

"ఎట్లా? నోరు, మూయి. విడదీస్తే రెండు" అన్నాను. పన్నెండు మంది ఉన్న క్లాసుకైనా, అరవై మంది ఉన్న క్లాసుకైనా నేను చెప్పేది ఇదే.

"మీరు విడదీస్తే రెండే మేడం. పాప విడదీయాలి. నోరు వేరు, మూయడం వేరు అని తెలిస్తే, ఇంకోటి కూడా మూయమనాలి కదా. తలుపు మూయి, డబ్బా మూయి, అట్లా."

నేను తెలుగు టీచర్ని. సంధి విడగొట్టడంలో ఇంత న్యాయం ఉందని నాకు ఎవరూ చెప్పలేదు. ఇంటికొచ్చి నాయనకి చెప్పాను. ఆయన గుండీల డబ్బా పాప ముందు తెరిచి పెట్టి, చూస్తూ కూర్చున్నాడు. రోజూ తెరిచేవాడు, పాప గుండీలన్నీ కింద పోసేది, ఆయన ఏరుకునేవాడు. ఇది చాలా రోజులు సాగింది. ఒకరోజు సాయంత్రం మిషను ఆగిపోతే, పాప బల్ల మీదనుంచి వంగి చూసి, "దారం తెగింది" అంది. డబ్బా సంగతి తర్వాత ఎవరూ పట్టించుకోలేదు. థెరపిస్టు కూడా ఈసారి రెండు మాటలేనని దారానికి ఒప్పుకుంది.

అదే నెలలో నాయన రక్తం పరీక్ష చేయించాం. మూడు ఏ కాస్తా మూడు బీ అయింది.

డాక్టరు తనవంతుగా నెమ్మదిగానే చెప్పాడు. కొంచెం కిందికి జరిగింది, బీపీ బిళ్ళ మారుస్తాను, కంగారు లేదు అన్నాడు. నాయన కంగారు పడినట్టు కనబడలేదు. బస్సు కోసం నిలబడినప్పుడు నన్నడిగాడు.

"నాలుగు అయితే ఏం చేస్తారు?"

"అప్పుడు డయాలిసిస్ గురించి చెప్పడం మొదలుపెడతారంట. వెంటనే పెట్టరు. చెబుతారు, అంతే."

"ఊఁ."

బస్సు వచ్చింది. జనం ఎక్కుతున్నారు. ఆయన ఎక్కకుండా నిలబడ్డాడు.

"ఆ గోడ మీద పటం ఉంది చూడు" అన్నాడు. "పిల్లది దాని చివరిదాకా పొయ్యేవరకు నేను మూడులో ఉంటే బాగుంటది. తర్వాత చూసుకోవచ్చు."

 ఆయనే ముందు ఎక్కి, నాకు సీటు పట్టాడు. చిన్నాయన మాత్రం ఈ కబురు విని గూడూరునుంచి ఫోన్లో అరిచాడు. డాక్టరుని మార్చమన్నాడు, మద్రాసు తీసుకుపొమ్మన్నాడు. నాయన ఫోను తీసుకుని, "బీ కూడా మూడేరా" అని పెట్టేశాడు.

కొన్నాళ్ళకి రంజాను నెల వచ్చింది. ఉపవాసాలు వద్దని డాక్టరు గట్టిగా చెప్పాడు. పగలంతా నీళ్ళు లేకుండా ఉంటే ఈ కిడ్నీలు తట్టుకోవన్నాడు. నాయన తనకి బుద్ధి తెలిసినప్పటినుంచి ఒక్క ఉపవాసం వదిలిన మనిషి కాదు. మసీదులో హజ్రత్ గారిని అడిగితే ఆయన కూడా అదే చెప్పాడు. చిన్నపిల్లలకీ, రోగులకీ, ముసలివాళ్ళకీ, ప్రయాణంలో ఉన్నవాళ్ళకీ మినహాయింపు ఉంది, ఉండలేనివాళ్ళు ఒక్కో రోజుకి ఒక పేదవాడికి అన్నం పెడితే చాలన్నాడు. నాయన అన్నం పెట్టించాడు. కానీ తాను తినడానికి సిగ్గుపడ్డాడు. "నేను అందులో ఏ రకం, రోగినా, ముసలివాడినా?" అని అమ్మనడిగాడంట. రెండూ కలిపి ఒకే అన్నం తిను అందంట అమ్మ.

టైలరుకి రంజాను అంటే ఊపిరాడని నెల. కొట్టునిండా జనం. అందరూ ఉపవాసంలో ఉన్నవాళ్ళే. మధ్యాహ్నం అయ్యేసరికి నాయన ఏదో పనున్నట్టు లేచి, కర్టెను దాటి లోపలికి వచ్చేవాడు. అమ్మ చప్పుడు కాకుండా కంచం పెట్టేది. మా ఇంట్లో ఆ వేళకి తినే మనుషులు ఇద్దరే, ఆయనా, పాపా. ఇద్దరూ గోడ వైపు తిరిగి కూర్చుని తినేవాళ్ళు. గ్లాసు కింద పెట్టినా శబ్దం రాకుండా పెట్టేవాడు.

పండగ ఇంక వారం ఉందనగా ఒకరోజు కొట్టులో చాలామంది ఉన్నారు. చిన్నాయన కూడా ఉపవాసంతోనే వచ్చి, ఒక స్టూలు మీద నీరసంగా కూర్చుని ఉన్నాడు. నాయన లోపల తింటున్నాడు. ఒక పెద్దాయన, తెల్లగడ్డం, పైజామా కొలత కోసం వచ్చి అడిగాడు. "టైలర్ భాయ్ యాడికి పోయినాడు?"

ఎవరూ మాట్లాడేలోపు పాప కర్టెను పక్కకి లాగి, మధ్యలో నిలబడింది. చేతికి పప్పు ఉంది.

"తాత అన్నం తింటా ఉండాడు!"

అంత పెద్ద వాక్యం పాప అంతకుముందు చెప్పలేదు. కర్తా, కర్మా, క్రియా అన్నీ వరసలో ఉన్నాయి. వీధి మలుపులో ఉన్నవాళ్ళకి కూడా వినబడి ఉంటుంది. కొట్టులో అందరూ కర్టెను వైపు చూశారు. కర్టెను పూర్తిగా తెరుచుకుని ఉంది. నాయన గోడ వైపు తిరిగి, ముద్ద చేతిలో పట్టుకుని, వీపుతో మాకందరికీ కనబడుతున్నాడు. ఆ వీపు ఏం చేయాలో తెలియక అలాగే ఉండిపోయింది.

తర్వాత చెయ్యి కడుక్కోకుండానే లేవబోయాడు. పెద్దాయన చెయ్యెత్తాడు.

"కూర్చో భాయ్, కూర్చో. అన్నం ముందరనుంచి లేవొద్దు." కొంచెం ఆగి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించాడు. "నాకు షుగరు. ఇంజక్షను వేసుకుంటా. నేనూ తినే వచ్చినా."

ఆయన పక్కనున్న కుర్రాళ్ళు మర్యాదగా ఫ్యాను వైపు చూశారు. చిన్నాయన లేచి తన స్టూలు ఆయన వైపు జరిపాడు.

నాయన మళ్ళీ కూర్చున్నాడు. ఈసారి గోడ వైపు కాదు, కొట్టు వైపు తిరిగి కూర్చుని మిగిలిన అన్నం తిన్నాడు. కర్టెను వెయ్యమని ఎవరికీ తోచలేదు. పాప ఆయన పక్కన చేరి, కంచంలో ఉన్నవి ఒక్కొక్కటీ వేలితో చూపిస్తూ బయటివాళ్ళకి చెప్పడం మొదలుపెట్టింది. పప్పు అంది. సొరకాయ అంది. తాత ఉప్పు లేదు అంది. పెద్దాయన ఒక్కోదానికీ తల ఊపుతూ విన్నాడు.